వేలాడే మాంసం: శీతల లారీ రవాణా (హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం)

కోసి, తోలు ఒలిచి, పేగులు తీసి, కడిగి చల్లార్చిన మొండేన్ని ముక్కలు కొట్టకుండా, పెట్టెల్లో పేర్చకుండా, కొక్కేనికి తగిలించి శీతల లారీలో మరో ఊరికి చేర్చడాన్ని వేలాడే మాంసం రవాణా అంటారు. గొర్రె, మేక అయితే మొండెం మొత్తంగా వెళ్తుంది. పెద్ద పశువును రెండు బద్దలుగానో నాలుగు భాగాలుగానో కోసి తగిలిస్తారు. లారీ లోపలి వేడి సాధారణంగా 0 నుంచి 2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. మాంసం చల్లగా ఉండాలి గాని గడ్డకట్టకూడదు. గడ్డకట్టించిన మాంసం మైనస్ 18 డిగ్రీల దగ్గర అట్టపెట్టెల్లో ప్రయాణిస్తుంది. అది వేరే వ్యాపారం, వేరే పద్ధతి.

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం గొర్రెల పెంపకానికి పేరుపడ్డది. మాంసానికి పెద్ద గిరాకీ ఉన్న బెంగళూరు హిందూపురానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అయినా ఇక్కడి నుంచి నగరానికి వెళ్లేది ప్రధానంగా ప్రాణమున్న పొట్టేలే. శీతల లారీలో వేలాడే మాంసం ఈ దారిలో ఇంకా మామూలు సరుకు కాలేదు. కారణాలు వాహనంలో కంటే వాహనం ఎక్కకముందు జరగాల్సిన పనుల్లోనే ఎక్కువగా ఉన్నాయి.

ప్రాంతం, మంద

2022 ఏప్రిల్ 4న ఉమ్మడి అనంతపురం జిల్లా నుంచి విడివడి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే కరువు నేల ఇది. వేరుశనగ దెబ్బతిన్న ఏడాది కూడా సంసారాన్ని నిలబెట్టేది మంద. కురుబలు, గొల్లలు తరతరాలుగా కాపరులు. ఈనాడు అన్ని కులాల చిన్న రైతుల ఇళ్లలోనూ నాలుగైదు జీవాలు కనిపిస్తాయి. కోత అయిన చేలలో మంద తోలించుకుని ఎరువు వేయించుకోవడం రైతుకూ కాపరికీ మధ్య నడిచే పాత ఒడంబడిక.

ఇక్కడి మందల్లో రెండు జాతులు ప్రధానం. ఒకటి నెల్లూరు గొర్రె. భారతదేశపు గొర్రెల్లో ఎత్తైన జాతి ఇదే. ఉన్ని ఉండదు, మాంసానికే పెంచుతారు. తెల్లనిది పల్ల, కళ్ల చుట్టూ మూతి దగ్గర నల్లమచ్చలున్నది జోడిపి, గోధుమ ఎరుపుది దొర. రెండోది నల్ల ఉన్ని ఉన్న దక్కనీ గొర్రె. కురుబల కంబళ్లకు ముడిసరుకు దానిదే. కంబళికి గిరాకీ తగ్గేకొద్దీ మందల్లో నెల్లూరు జాతి పెరుగుతూ వచ్చింది. 2019 పశుగణనలో ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్ల గొర్రెలు లెక్కకు వచ్చాయి. తెలంగాణ తర్వాత దేశంలో రెండో స్థానం ఇది. రాష్ట్రంలో ఉమ్మడి అనంతపురం జిల్లా ముందు వరుసలో ఉంటుంది.

గుంతకల్లు–బెంగళూరు రైలుమార్గం ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడింటినీ కలుపుతుంది. 44వ నంబరు జాతీయ రహదారి పెనుకొండ మీదుగా పోయి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర కర్ణాటకలోకి దిగుతుంది. హిందూపురం నుంచి లేపాక్షి మీదుగా ఆ రహదారిని అందుకోవచ్చు. సరుకు నగరానికి చేరడానికి దారులకు కొదవ లేదు.

ప్రాణంతో ప్రయాణం

సంతలో పొట్టేలును నడుం మీద చెయ్యి వేసి చూసి, ఎత్తి బరువు అంచనా కట్టి బేరం చేస్తారు. దళారి మాట కుదిరాక జీవాలు వ్యాన్లకెక్కి రాత్రికి రాత్రే బయలుదేరతాయి. తెల్లవారుజామున నగరంలో కోత, పొద్దున్నే కొట్లో అమ్మకం, మధ్యాహ్నానికి కొక్కెం ఖాళీ. బక్రీదుకూ జాతర్లకూ గిరాకీ పెరుగుతుంది. ఉగాది మరునాడు మాంసం వండుకునే ఆనవాయితీ బెంగళూరులోనూ సరిహద్దు పల్లెల్లోనూ బలంగా ఉంది. కన్నడిగులు దాన్ని హొసతొడకు అంటారు. ఆ రోజు కొట్ల ముందు జనం బారులు తీరతారు.

చలియంత్రం లేకుండానే ఈ పద్ధతి ఇంతకాలం నడవడానికి కారణం సులభంగానే అర్థమవుతుంది. బతికున్న జీవి మాంసం చెడిపోదు. కోసిన కొన్ని గంటల్లో అమ్ముడైతే నిల్వ సమస్యే రాదు. పైగా కొనేవాడు కళ్లెదుట కోసినదాన్నే నమ్ముతాడు. ముదురో లేతో, పొట్టేలో ఆడదో, ఏ రోజుదో కొక్కేనికి వేలాడుతున్నప్పుడే తేల్చుకుంటాడు. తోక తీయకుండా ఉంచడం, వృషణాలు కనబడేలా వదలడం అనే కొట్ల అలవాటు ఆ నమ్మకం కోసమే.

అయితే ప్రాణంతో ప్రయాణానికి మూల్యం ఉంది. మేత, నీళ్లు లేక దారిలో జీవం తూకం తగ్గుతుంది. కిక్కిరిసిన బండిలో కొమ్ములు గుచ్చుకుంటాయి, కాళ్లు విరుగుతాయి, కొన్ని చనిపోతాయి. బతికి చేరినవాటి మాంసమూ దెబ్బతింటుంది. కండరంలో దాచుకున్న గ్లైకోజెన్ కోత తర్వాత లాక్టిక్ ఆమ్లంగా మారాలి. భయంతోనూ అలసటతోనూ ఆ నిల్వ ముందే కరిగిపోతే ఆమ్లం చాలినంత పుట్టదు. అలాంటి మాంసం ముదురు రంగుకు తిరిగి, గట్టిపడి, తొందరగా పాడవుతుంది. జీవం పడిన బాధ ఈ విధంగా తినేవాడి పళ్లెంలోకీ వస్తుంది.

1978 నాటి జంతువుల రవాణా నియమాలు గొర్రెలు, మేకలకు ప్రత్యేకంగా షరతులు విధించాయి. 4.5 లేదా 5 టన్నుల లారీలో 40కి మించి గొర్రెలను ఎక్కించరాదు. ఒక్కోటి 30 కిలోలు తూగే పొట్టేళ్లు నలభై అనుకుంటే మొత్తం 1,200 కిలోలు. తోలు, తల, కాళ్లు, పేగులు, రక్తం పోగా దక్కే మొండెం బరువు 45 నుంచి 50 శాతం, అంటే 540 నుంచి 600 కిలోలు. అయిదు టన్నులు మోయగల బండి అర టన్ను పైచిలుకు మాంసం కోసం నడుస్తున్నదన్నమాట. నియమం మీరి రెట్టింపు జీవాలను కుక్కడానికి పుట్టే ఆశ ఈ లెక్కలోనే ఉంది.

ఎందుకు వేలాడదీస్తారు

కొక్కేనికి తగిలించడానికి మూడు ప్రయోజనాలున్నాయి. మొదటిది శుభ్రత. మొండెం నేలకు గాని గోడకు గాని తగలదు. చెమ్మ ఒకచోట నిలవదు. రెండోది గాలి. చల్లగాలి అన్ని వైపుల నుంచీ తగిలి పైపొర కొద్దిగా ఆరుతుంది. ఆరిన పొర మీద బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది. మాంసం మీద మాంసం పేరిస్తే మధ్యలో వేడీ తడీ చిక్కుకుని ముందు జిగురు, తర్వాత వాసన పుడతాయి. మూడోది మెత్తదనం. వెనక కాళ్ల మడమ నరానికి కొక్కెం తగిలించినప్పుడు మొండెం తన బరువుకు తానే సాగి, కొన్ని కండరాలు బిగుసుకుపోకుండా ఉంటాయి. తుంటి ఎముక దగ్గర తగిలిస్తే తొడ, నడుం కండరాలు ఇంకా బాగా సాగి మాంసం మరింత మెత్తబడుతుందని ఆస్ట్రేలియా, అమెరికా పరిశోధకులు చూపించారు.

కోసిన తర్వాత కండరంలో జరిగేది తెలిస్తేనే చలి విలువ అర్థమవుతుంది. ప్రాణమున్నప్పుడు కండరం పీహెచ్ 7 దగ్గర ఉంటుంది. ఆమ్లం పుట్టేకొద్దీ అది 5.5–5.8కి దిగుతుంది. ఈ లోపు కండరం బిగుసుకుంటుంది. తర్వాత దానిలోని ఎంజైములే మెల్లగా మెత్తబరుస్తాయి. ఆమ్లం పుట్టకముందే చలి గట్టిగా తగిలితే కండరం ముడుచుకుపోయి, ఎంత ఉడికినా నమలలేనంత బిరుసవుతుంది. న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు లాకర్, హాగ్యార్డ్ 1963లో ఈ చలి ముడుతను వివరించారు. మొదటి పది గంటల్లో కండరం వేడి 10 డిగ్రీల కంటే దిగకూడదన్నది దాని నుంచి వచ్చిన సూత్రం. పొట్టేలు మొండెం చిన్నది, కొవ్వు పలచన, త్వరగా చల్లారుతుంది. అందుకే పెద్ద పశువు కంటే దీనికే ఈ ముప్పు ఎక్కువ.

కోసిన వెంటనే వేడి మొండేలను శీతల లారీకి ఎక్కించడం ఈ కారణంగానే తప్పు. లారీ యంత్రం శక్తి చల్లగా ఉన్నదాన్ని చల్లగా ఉంచడానికి మాత్రమే సరిపోతుంది. వేడి సరుకు ఎక్కిస్తే ఆవిరి కమ్మి పైకప్పు నుంచి నీటిబొట్లు రాలుతాయి, మాంసం తడిసి చెడుతుంది. గాలి నేరుగా తగిలేచోట మాత్రం పైపొర బిగుసుకుంటుంది. కోతశాలలోని చల్లగదిలో ఒక రాత్రి ఆరి, తొడ లోపల గుచ్చిన ఉష్ణమాపకం 7 డిగ్రీలు గాని అంతకంటే తక్కువ గాని చూపిన తర్వాతే ఎక్కించాలన్నది ఐరోపా దేశాల సాధారణ నియమం. కార్జం, గుండెకాయ వంటివాటికి 3 డిగ్రీలు.

లారీ నిర్మాణం

శీతల లారీ పెట్టె గోడలు రెండు రేకుల మధ్య పాలీయూరిథేన్ నురుగు నింపి చేస్తారు. మామూలు శీతల లారీకీ వేలాడే మాంసపు లారీకీ అసలు తేడా పైకప్పులో ఉంటుంది. బరువంతా పైనుంచే వేలాడుతుంది కాబట్టి పైకప్పు కింద నిలువునా ఇనుప పట్టాలు బిగించి, ఆ భారాన్ని గోడల్లోని స్తంభాల ద్వారా అడుగు చట్రానికి దింపుతారు. పట్టాల మీద జారే కొక్కేలుంటాయి. నేల నీరు నిలవకుండా వాలుగా, కడగడానికి వీలుగా ఉండాలి.

చలియంత్రం పెట్టె ముందు గోడకు పైభాగాన ఉంటుంది. చల్లగాలి పైకప్పు వెంట వెనక తలుపుదాకా వెళ్లి, మొండేల మధ్యగా దిగి, నేల మీదుగా ముందుకు తిరిగి వస్తుంది. ఈ వలయం తెగకూడదు. నేల మీద పెట్టెలు పేర్చి దారి మూసినా, మొండేలు గాలి ద్వారానికి ఆనినా వెనకభాగం వేడెక్కుతుంది. మాంసం సుమారు మైనస్ 1.5 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. ఎండాకాలం కదా అని యంత్రాన్ని మరీ తగ్గించి పెడితే ముందు వరుస గడ్డకట్టి వెనక వరుస నులివెచ్చగా ఉండిపోతుంది.

ఊళ్లో కొట్టుకొట్టుకూ ఆగే చిన్న వ్యాన్లకు మరో పద్ధతి ఉంది. లవణ ద్రావణం నింపిన పలకలను రాత్రి కరెంటుతో గడ్డకట్టించి, పగలంతా ఆ చలితోనే నడపవచ్చు. తలుపు తెరిచిన ప్రతిసారీ నలభై డిగ్రీల గాలి లోపలికి దూసుకొచ్చే రాయలసీమ వేసవిలో తలుపుకు ప్లాస్టిక్ పట్టీల తెర, త్వరగా దించే మనుషులు యంత్రమంత ముఖ్యం.

దారిలో బరువు ఊగడం

డ్రైవర్లకు వేలాడే మాంసం అంటే భయం ఉండటానికి కారణం దాని ఊపు. నేల మీద పేర్చిన బస్తాల బరువు కిందే ఉంటుంది. వేలాడే సరుకు బరువు పట్టా ఎత్తున పనిచేస్తుంది కాబట్టి బండి గురుత్వకేంద్రం పైకి పోతుంది. మలుపు తిరిగేటప్పుడు మొండేలన్నీ ఒకేసారి బయటివైపు ఊగుతాయి. డ్రైవరు స్టీరింగు సరిచేసేసరికి అవి తిరిగి ఇటు వస్తాయి. గట్టిగా బ్రేకు వేస్తే ముందుకు తోసుకొస్తాయి. సగం నిండిన బండి నిండు బండి కంటే ప్రమాదం, ఎందుకంటే ఊగడానికి చోటుంటుంది.

అందుకే ముందు గోడ నుంచి వరుసగా, కదలిక లేనంత దగ్గరగా, గాలి ఆడేంత వదులుగా తగిలిస్తారు. రెండు పక్కలా బరువు సమానంగా పంచుతారు. కొన్ని వరుసలకొకసారి అడ్డకడ్డీ గాని పట్టీ గాని బిగిస్తారు. మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించడం, మలుపులో బ్రేకు తొక్కకపోవడం డ్రైవరు పాటించాల్సినవి. నాలుగు వరుసల రహదారి మీద ఈ కష్టం తక్కువ. రహదారి చేరేదాకా ఉండే పల్లె మలుపులు, ఊళ్ల ముందరి స్పీడుబ్రేకర్లు, రహదారి దిగాక నగరపు కూడళ్లే పరీక్ష.

ప్రపంచ చరిత్ర

ఈ ఊపు సమస్య మొదట రైలుకే ఎదురైంది. 1860ల చివర డెట్రాయిట్ వ్యాపారి జార్జ్ హామండ్, విలియం డేవిస్ రూపొందించిన మంచు పెట్టె రైలు డబ్బాల్లో గొడ్డుమాంసం పంపించాడు. వేలాడే మాంసం మలుపుల్లో ఒకవైపు ఊగి డబ్బాలు పట్టాలు తప్పాయి. 1878లో షికాగో వ్యాపారి గుస్టావస్ స్విఫ్ట్ కోసం ఆండ్రూ చేజ్ మంచును పైన ఉంచి, మాంసాన్ని కిందభాగంలో బిగువుగా సర్దే డబ్బాను తయారుచేశాడు. షికాగో మాంసం తూర్పు నగరాలకు చేరింది; పశువుల ప్రయాణం తగ్గింది.

గొర్రె మాంసం చరిత్రలో గొప్ప ఏడాది 1882. డునెడిన్ అనే తెరచాప ఓడ న్యూజిలాండ్ నుంచి 98 రోజులు ప్రయాణించి సుమారు 5 వేల గడ్డకట్టిన మొండేలను లండన్‌కు చేర్చింది. చెడిపోయిందని పారేసింది ఒక్కటే. ఉన్ని కోసమే గొర్రెలు పెంచి మాంసాన్ని వృథా చేసిన దేశం ఆ తర్వాత దాని మీదే సంపన్నమైంది. లారీకి చలియంత్రం అమర్చిన ఘనత అమెరికా నల్లజాతి ఆవిష్కర్త ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్స్‌ది. 1930ల చివర ఆయన చేసిన యంత్రంతోనే జోసెఫ్ న్యూమెరోతో కలిసి స్థాపించిన సంస్థ తర్వాత థర్మో కింగ్ అయ్యింది. 1967 నుంచి అమెరికాలో ఐబీపీ సంస్థ మాంసాన్ని ఫ్యాక్టరీలోనే ముక్కలు చేసి, గాలి తీసిన సంచుల్లో పెట్టి పెట్టెలకెత్తింది. దాంతో అక్కడ వేలాడే గొడ్డుమాంసపు లారీలు తగ్గిపోయాయి. గొర్రె, మేక మాత్రం చిన్న మొండెం కావడంతో చాలా దేశాల్లో ఇప్పటికీ నిండుగా వేలాడుతూనే వెళ్తాయి.

తెలుగు నేల మీద

మెదక్ ప్రాంతంలోని రుద్రారంలో అల్‌కబీర్ సంస్థ కోతశాల ఎగుమతి కోసం గేదె మాంసాన్ని గడ్డకట్టించి పంపింది. దానిపై నడిచిన దీర్ఘ న్యాయవివాదంలో సుప్రీంకోర్టు 2006లో తీర్పు ఇచ్చింది. అది పెట్టెల మాంసం. వేలాడే మాంసం భారతదేశంలో ప్రధానంగా గొర్రె, మేకలదే. చల్లబరచిన మొండేలు విమానాల్లో గల్ఫ్ దేశాలకు వెళ్తాయి. హైదరాబాదు శివారు చెంగిచెర్లలో 1999లో ఏర్పడిన జాతీయ మాంస పరిశోధన సంస్థ శుభ్రమైన కోత, చల్లబరచడం, నిల్వలపై శిక్షణ, పరిశోధన సాగిస్తోంది.

అనంతపురం నేలకు చలి రవాణా కొత్త కాదు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై పక్కనున్న జవహర్‌లాల్ నెహ్రూ నౌకాశ్రయానికి అరటిపండ్లు శీతల కంటైనర్లలో ప్రత్యేక రైలెక్కాయి. తోటలో కోత, శుభ్రపరచడం, చల్లగది, కంటైనరు ఒక వరుసలో కుదిరాయి కాబట్టే అది సాధ్యమైంది. మందకు ఆ వరుస ఇంకా కుదరలేదు.

చట్టాలు

2001 నాటి కోతశాల నియమాలు కోతకు ముందు జీవానికి విశ్రాంతి, పశువైద్యుడి పరీక్ష తప్పనిసరి చేశాయి. కోసిన తర్వాతా పరీక్షించి ముద్ర వేస్తేనే మాంసం బయటికి వెళ్లాలి. ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దాని కింద 2011లో వచ్చిన నిబంధనలు మాంసాన్ని ఈగలు, దుమ్ము సోకకుండా తరలించాలనీ, మనుషులు ప్రయాణించే బండిలో గాని బయటికి కనబడేలా గాని తీసుకెళ్లరాదనీ చెబుతున్నాయి. ఆటోలో గోతం పరిచి మొండేలు వేసుకెళ్లే దృశ్యం ఈ నిబంధనలకు పూర్తిగా విరుద్ధం. ఆ దృశ్యం మారకపోవడంలో కొట్టు యజమాని నిర్లక్ష్యం కంటే, అందుబాటు ధరలో సరైన బండి లేకపోవడం పాత్ర పెద్దది.

లాభం ఎవరికి

పొట్టేలు ప్రాణంతో వెళ్లినప్పుడు మాంసంతోపాటు తోలు, తల, కాళ్లు, బోటి, రక్తం, పేడ కూడా జిల్లా దాటిపోతాయి. కోత, ఒలుపు, బోటి శుభ్రం చేయడం, తోలుకు ఉప్పు పట్టించడం అన్నీ కూలి పనులే. అవి నగరంలో జరిగితే కూలి నగరంలోనే పడుతుంది. అక్కడి కాలువల్లోకి చేరే వ్యర్థమూ అక్కడిదే. కోత పెనుకొండ, హిందూపురం పరిసరాల్లో జరిగితే ఆ పనులు ఇక్కడే మిగులుతాయి, వ్యర్థం ఎరువై చేలకు తిరిగి వస్తుంది. మేలు రకం మాంసానికి ప్రాంతం పేరుతో ధర పలికించే వీలూ ఉంటుంది. మండ్య జిల్లాలోని బండూరు గొర్రెకు బెంగళూరులో ఆ పేరు ఇప్పటికే ఉంది. బీడు భూముల్లో మేసి పెరిగిన నెల్లూరు పొట్టేలుకూ అది దక్కాలి.

కాపరి వైపు నుంచి చూస్తే ప్రధానమైనది తూకం. ఇప్పుడు బేరం కంటిచూపు మీద సాగుతుంది; దళారి అనుభవం కాపరి అవసరం మీద గెలుస్తుంది. కోతశాలలో మొండెం తూకానికి ధర కట్టే పద్ధతి వస్తే మందను బాగా మేపినవాడికి ఆ మేపు విలువ రూపాయల్లో కనిపిస్తుంది.

ముందున్న పని

శీతల లారీలో వేలాడే మాంసం ఈ ప్రాంతంలో స్థిరపడాలంటే కొన్ని పనులు వరుసలో జరగాలి. సంతకు దగ్గరగా నీరు, విశ్రాంతి కొట్టం ఉన్న కోతశాల మొదటిది. రోజూ పరీక్షించే పశువైద్యుడు, మురుగు శుద్ధి దానితోనే రావాలి. నిరంతర కరెంటుతో నడిచే చల్లగది రెండోది. మూడోది హలాల్ కోత చేసేవారి నైపుణ్యం, కటికవారి నైపుణ్యం గౌరవంగా కలిసే ఏర్పాటు. ఈ వృత్తులవారిని పక్కన పెట్టి కట్టిన కోతశాలకు నమ్మకమూ రాదు, పనీ సాగదు. నాలుగోది నగరంలో చల్లమాంసం అమ్మగల కొట్టు. నిన్న కోసింది పాతదన్న అభిప్రాయాన్ని రుచే మార్చాలి. సరిగా ఆరిన మాంసం వేడి మాంసం కంటే మెత్తగా ఉడుకుతుందని ఒకసారి వండుకున్నవారికి వేరే ప్రచారం అక్కర్లేదు.

ఈ నాలుగూ కుదిరాక లారీ కొనడం తేలికైన పని. బ్యాంకు అప్పు ఇస్తుంది, దారి సిద్ధంగానే ఉంది. ఇవి లేకుండా ముందుగా లారీ కొంటే అది మరో సరుకుకు బాడుగకు తిరుగుతుంది, పొట్టేళ్లు మాత్రం పాత వ్యాన్లలోనే కిక్కిరిసి వెళ్తాయి. కరువు సీమలో మంద ఒక్కటే ఏటా కొంతైనా ఆదాయం ఇచ్చే ఆస్తి. ఆ ఆస్తి విలువ జిల్లా ఎల్లలోనే పెరగాలంటే ప్రభుత్వమూ కాపరుల సహకార సంఘాలూ డబ్బు పెట్టాల్సిన మొదటిచోటు కోతశాల, దానిలోని చల్లగది.